ఆఖరి బస్సు కోసం కోసేసిన జవాబు

మా అక్క స్టేజీ మీద ఉఫ్ అని ఒక్క ఊపు ఊదితే హాలు హాలంతా పళ్ళు కొరికేది. ఆ చప్పుడు రోడ్డు అవతల రంపపు మిల్లు దాకా వినబడి, అక్కడి మేస్త్రీ రెండో రంపం ఎవడు ఆన్ చేశాడురా అని పనివాళ్ళ మీద ఎగిరేవాడు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ మేస్త్రీనే అడగండి. ఆయన పోయాడనుకోండి, అది వేరే సంగతి.

మాది నాటకాల కంపెనీ. అక్కది రాణి వేషం, నాది తెర తాడు. నాకు అక్షరం ముక్క రాదు గానీ తాడు బాగా వచ్చు. ఎక్కడ వదలాలో, ఎంత మెల్లగా వదిలితే జనం కళ్ళు తుడుచుకుంటారో, ఎంత దబాలున వదిలితే ముందు వరసలో నిద్రపోయేవాడు ఉలిక్కిపడతాడో, అన్నీ చేతికి తెలుసు. మా తెర బరువు గురించి చెప్పాలంటే, ఒకసారి దాన్ని ఉతికి ఆరేస్తే మా వీధికి వారం రోజులు ఎండ లేదు.

మేం ఆడే నాటకం పాతది, ఏడుపుగొట్టు నాటకం. కథ చిన్నదే. ఒక రేవు పట్నం. అక్కడ రాజుగారి పడవలన్నిటికీ ఒక నాయకుడు. ఏ యుద్ధమైనా గెలిచేది అతను, పల్లకీ ఎక్కేది రాజుగారి బావమరిది. నాయకుడికి లోపల ఉడుకుతూ ఉంటుంది. ఒక రాత్రి రాజు పడవ రేవుకు వస్తుందనగా, ఒడ్డున రాళ్ళ దగ్గర వెలగాల్సిన పెద్ద దీపాన్ని నాయకుడి పెళ్ళాం ఊది ఆర్పేస్తుంది. పడవ రాళ్ళకు కొట్టుకుని రాజు పోతాడు. నాయకుడు గద్దె ఎక్కుతాడు, పెళ్ళాం రాణి అవుతుంది. ఆ తర్వాత ఆ దీపం దగ్గరికి వెళ్ళాలంటేనే అందరికీ భయం. చివరికి ఒక గాలివానలో కొత్త రాజు పడవ కూడా అవే రాళ్ళకు కొట్టుకుంటుంది. రక్తం కారుతూ ఒడ్డుకు పాకి వచ్చి, పెళ్ళాం వైపు వేలు చూపించి, "దీపం ఆర్పింది నువ్వు!" అని అరిచి ప్రాణం వదులుతాడు.

ఆ మాట వినబడగానే నేను తాడు వదలాలి. తెర పడాలి. నాటకం అయిపోవాలి.

నాయకుడి వేషం మా ప్రొప్రయిటరుగారిది. ఆయన చస్తుంటే జనం ఏడ్చే ఏడుపు అంతా ఇంతా కాదు. ముందు వరస కిందికి నీళ్ళు చేరి చెప్పులు తేలిపోయేవి, ఆట అయ్యాక ఎవరి జోడు వాళ్ళు వెతుక్కోవడానికే అరగంట పట్టేది. మా అక్క మీద మాత్రం తిట్లు. "ఓసి నీ నోరు పడిపోను! బంగారంలాంటి మనిషిని పొట్టన పెట్టుకున్నావు కదే!" అని.

అందుకే మా కంపెనీలో ఒక ఆచారం. ప్రొప్రయిటరుగారు దండ వేసుకుని ముందు గుమ్మంలోంచి బయటికి వస్తారు. జనం చేతులు పట్టుకుని వదలరు. మా అక్క ముసుగు కప్పుకుని, నీళ్ళ డ్రమ్ములూ విరిగిన కుర్చీలూ ఉండే వెనక సందులోంచి పోతుంది. ముందు నుంచి వెళ్తే కొడతారేమోనని ఎప్పుడో మొదలైన ఏర్పాటు. అదే ఉండిపోయింది.

సందులోంచి పోతే మాత్రం వదిలారా? మా వీధిలో కరెంటు పోతే చాలు, ఏదో ఒక మేడ మీద నుంచి కేక.

"మళ్ళీ మీ అక్కేనా ఊదింది?"

కూరగాయలామె మెత్తబడ్డ టమాటాలన్నీ ఏరి ఏరి అక్క సంచీలోనే వేసేది. ఇదేమిటమ్మా అంటే, "నువ్వు చేసినదానికి ఇవే ఎక్కువ" అనేది. ఏం చేసింది మా అక్క? ఏళ్ళ తరబడి కాళ్ళు వాచేలా నిలబడి వేషం కట్టింది. మనిషికీ వేషానికీ తేడా తెలియని జనానికి, ఆ వేషంలో తప్పెవరిదో మాత్రం తెలిసిపోయిందట!

పెద్దవాళ్ళ సంగతి సరే. అక్క కూతురు, నా మేనకోడలి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. బళ్ళో లైటు పోయినప్పుడల్లా పిల్లలందరూ దాని వైపు తిరిగి ఉఫ్ ఉఫ్ అనేవారు. ఒకరోజు ఇంటికొచ్చి, పుస్తకాల సంచీ మూల పడేసి, "అమ్మా, నేనింక నీ నాటకానికి రాను" అంది. అన్నది అన్నట్టే చేసింది. ఇప్పుడు దర్జీ షాపులో జాకెట్లు కుడుతోంది, సొంత సంపాదన, చక్కటి పేరు. ఇంట్లోనూ ఒక కుట్టుమిషను పెట్టుకుంది. నాటకం ఊసెత్తితే చాలు, దాన్ని గట్టిగా తొక్కేది, మన మాట వినబడకుండా.

ఇలా ఉండగా ఒక సాయంత్రం ప్రొప్రయిటరుగారు గ్రీన్ రూములో మీసం ఊడదీసుకుంటూ చల్లగా చెప్పారు. "చూడమ్మా, ఈ ఆదివారంతో రాణి వేషం నీకు చాలు. కొత్తమ్మాయి వస్తోంది. నువ్వు ముసలి దాది వేషం వెయ్యి. కూర్చునే వేషమే, మోకాళ్ళకు కూడా మంచిది."

అక్క కిరీటం తీసి పెట్టెలో పెట్టేసింది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ కూతురితో చెప్పింది. మిషను ఆగింది.

"ఆఖరి ఆట అయితే వస్తాలే అమ్మా," అంది మేనకోడలు. "ఒక్కసారి. నీ కోసం."

అక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆ గిన్నెలో మా అక్క కన్నీళ్ళు పడి అది మూణ్ణెల్ల దాకా తోమకుండానే మెరిసింది. అది నేను కళ్ళారా చూశాను.

కూతురు వస్తోందన్న సంతోషం పెద్దగా నిలవలేదు. వచ్చి ఏం చూస్తుంది? అదే వేలు, అదే కేక, అదే తిట్లు. చిన్నప్పుడు చూసిందే మళ్ళీ చూసి వెళ్తుంది.

"ఒరే తమ్ముడూ," అంది అక్క. "దానికి నా జవాబు వినిపించాలిరా."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ వేలు చూపించడంతో నాటకం అయిపోదు. అసలు నాటకంలో ఆ తర్వాత రాణికి ఒక పెద్ద జవాబు ఉంది. ప్రొప్రయిటరుగారి నాన్నగారి కాలంలో అది ఆడేవారు. అప్పటి రాణి వేషం ఆవిడే మా అక్కకు నేర్పింది. తర్వాత ఈయన కంపెనీ చేతిలోకి తీసుకుని, నాయకుడి వేషం తనే కట్టి, ఆ జవాబు కోసేశారు. ఎందుకంటే ఆఖరి బస్సు. తెర ఆలస్యమైతే బస్సు వెళ్ళిపోతుంది, జనం మధ్యలో లేచి పరిగెత్తుతారు, చూడ్డానికి బాగుండదు అన్నారు. సబబే అనుకున్నాం. ఎంత మంచివాళ్ళమో చూడండి! అప్పటి నుంచీ అక్క ఆ జవాబు ఇంట్లో గిన్నెలకు చెప్పుకుంటోంది.

మర్నాడు అక్క వెళ్ళి అడిగింది. నేను పక్కనే తాడుకు నూనె రాస్తున్నాను.

"అయ్యగారూ, ఆదివారం ఒక్కరోజు నా జవాబు చెప్పనివ్వండి."

"బస్సో?"

"ఒక్కరోజు నడిచి వెళ్తారు."

"చూడమ్మాయ్," అన్నారాయన, అద్దంలో తన ముఖం చూసుకుంటూనే. "అసలు ఆ జవాబు కథకే చెరుపు. నాయకుడు మంచివాడు. పరిస్థితులు తరిమాయి, పెళ్ళాం ఎగదోసింది, విధి వెక్కిరించింది. అతను బలైపోయాడు. నీ వేషం అంటావా, అది దుర్మార్గం. దుర్మార్గానికి మళ్ళీ జవాబేమిటి?"

"ఆయన గద్దె మీద ఆశపడితే విధి. నేను ఆశపడితే దుర్మార్గమా?"

"నువ్వు దీపం ఊదావు!"

"ఆయన గద్దె ఎక్కాడు! ఎవరో మెడపట్టి కూర్చోబెట్టారా? కాళ్ళు లేవా దిగడానికి?"

"నాటకం గురించే కదా మాట్లాడుతున్నాం?" అన్నారాయన.

"ఏళ్ళ తరబడి వెనక సందులోంచి పోతున్నది నాటకం కాదండీ, నేను."

ఆయన మీసం తీసి పెట్టెలో పెట్టి మూత వేశారు. "బస్సమ్మా, బస్సు. బస్సు ఆగుతుందా చెప్పు, అప్పుడు చూద్దాం."

నేను నూనె డబ్బా అక్కడే విసిరేశాను. ఆ కోపంతో నేను బస్టాండుకి నడుస్తుంటే కాలి కింద తారు కరిగి, ఆ అడుగులు ఇప్పటికీ రోడ్డు మీద ఉన్నాయి. వాటిని గుంటలంటారు గానీ, నా పాదాలే.

ఆఖరి బస్సు డ్రైవరు టైర్లు తన్ని చూస్తున్నాడు. ఈయన పొట్ట స్టీరింగుకు ఆని ఉండేది, చేతులు వదిలేసినా బండి తిన్నగా పోయేది.

"ఏం తాడూ, ఇటొచ్చావు?" అన్నాడు. నన్నందరూ తాడు అనే పిలుస్తారు.

"డ్రైవరన్నా, నీ కాళ్ళకు దణ్ణం పెడతాను. ఆదివారం బండి కాస్త ఆలస్యంగా తియ్యి."

"ఎంత ఆలస్యం?"

"తెర పడేదాకా."

డ్రైవరు నా వైపు వింతగా చూశాడు. "రోజూ తీసేది అప్పుడేగా!"

"అదేమిటి?"

"అదేమిటంటావేమిటయ్యా? రోజూ వెనకాల తలుపు దగ్గర నిలబడి చూసేది నేనేగా. మీ ప్రొప్రయిటరు చచ్చిపోతాడు, నువ్వు తెర వదులుతావు, నేను ముక్కు చీదుకుని వచ్చి బండి తీస్తాను. జనం హాల్లో ఉంటే ఖాళీ బండి తోలుకుపోయి డిపోలో ఎవరికి చూపించను?"

"మరి టైమో?"

"మీ తెరే నా టైము."

చూశారా ఈ చోద్యం! బస్సు వెళ్ళిపోతుందని మేం తెర తొందరగా వదిలాం. తెర పడింది గనక ఆయన బస్సు తీశాడు. అటు ఆయన మా కోసం, ఇటు మేం ఆయన కోసం! మధ్యలో మా అక్క గొంతు కోసి కూర్చున్నాం. ఒక్కరంటే ఒక్కరు ఇన్నేళ్ళలో అడిగిన పాపాన పోలేదు, నాతో సహా.

"ఇంతకీ ఎందుకు అడిగావు?" అన్నాడు డ్రైవరు.

"ఆ తర్వాత రాణి జవాబు ఉందన్నా. నీ బస్సు కోసమే కోసేశారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే ఇన్నాళ్ళూ నేను టిక్కెట్టు కొని ముక్కాలు నాటకం చూశానా?"

"నువ్వు టిక్కెట్టెప్పుడు కొన్నావన్నా?"

"అది వేరే సంగతి! మనిషికి తిట్టే ముందు ఎదటి మాట వినే హక్కు లేదూ? నేను మీ అక్కని రోజూ తిడుతూ బండి తోలాను. గేరు మార్చినప్పుడల్లా ఒక తిట్టు. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఏం చేసుకోను?"

నేను పరుగున వచ్చి, తాడు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ ప్రొప్రయిటరుగారికి చెప్పాను. బస్సు ఆగుతుంది, ఎప్పుడూ ఆగుతూనే ఉంది, అని. ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. కనుబొమ్మ కూడా ఎత్తలేదు.

"తెలుసురా," అన్నారు.

"తెలుసా!"

"వాడు ముక్కు చీదడం నాకు చచ్చి పడుకున్నప్పుడు రోజూ వినబడుతుంది. అయితే ఏమిటి? జనం ఏడుస్తూ వెళ్ళాలి. నన్ను తలుచుకుంటూ వెళ్ళాలి. ఆవిడ జవాబు చెప్పిందనుకో, ఏడుపు ఆపి ఆలోచిస్తారు. ఆలోచించేవాడు దండలు వేస్తాడురా?" అని, నా చేతిలోంచి తాడు కొస లాక్కున్నారు. "ఆదివారం నువ్వు గేటు దగ్గర టిక్కెట్లు చింపు. తెర నా బావమరిది చూసుకుంటాడు."

చూశారా! నాటకంలో బావమరిదికి పల్లకీ ఇచ్చారని గుండెలు బాదుకునే మనిషి, తాడు తీసుకెళ్ళి ఎవరికిచ్చాడో!

ఆదివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఎంత కిటకిట అంటే, ఒకాయన జేబులో చెయ్యి పెట్టుకుందామని పెట్టి పక్కాయన దువ్వెన తీసి దువ్వుకున్నాడు. మేనకోడలు మూడో వరసలో చివర కూర్చుంది. కూరగాయలామె ముందు వరసలో, ఒళ్ళో తువ్వాలుతో, ఏడవడానికి అన్నీ సిద్ధం చేసుకుని వచ్చింది. డ్రైవరు మాత్రం వెనక తలుపు దగ్గర నిలబడలేదు. జనం అందరికీ కనబడేలా నట్టనడుమ దారిలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను గేటు వదిలేసి లోపలికి దూరాను.

నాటకం నడిచింది. అక్క దీపం ఊదింది. హాలు పళ్ళు కొరికింది. మూడో వరసలో మా పిల్ల తల వంచేసుకుంది.

గాలివాన వచ్చింది. ప్రొప్రయిటరుగారు పాక్కుంటూ వచ్చారు. ఆ రోజు మామూలుకంటే ఎక్కువసేపు పాకారు, స్టేజీ ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు. చివరికి వేలెత్తి, "దీపం ఆర్పింది నువ్వు!" అన్నారు. పడ్డారు. బావమరిది తాడు వదిలాడు. తెర వచ్చి దభీమని పడింది. ఇంతా చేసి వాడికి వదలడం కూడా రాదు.

జనం ముక్కులు తుడుచుకుంటూ లేచారు. అలవాటుగా డ్రైవరు వైపు చూశారు. ఆయన లేస్తే పరిగెత్తడం వాళ్ళ పద్ధతి.

డ్రైవరు లేవలేదు. కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఏమన్నా, బండి?" అన్నారెవరో.

"తాళం నా జేబులో ఉంది. జేబు నా దగ్గరుంది. నేను కుర్చీలో ఉన్నాను. కూర్చోండి."

అప్పుడు తెర కింద అంచు కదిలింది. మా అక్క వంగి, రెండు చేతులతో ఆ బరువంతా ఎత్తి, కింద నుంచి ఇవతలికి వచ్చింది. ముగ్గురు మగాళ్ళు ఎత్తే తెర అది. ఈ ఒక్క ముక్కలో నేను వెంట్రుకంత కూడా కలపలేదు.

కిరీటం లోపలే ఉండిపోయింది. జుట్టు చెదిరింది. నిలబడి ఊపిరి తీసుకుని చెప్పింది.

"వెళ్ళకండి. ఆయన మాట విన్నారు, నా మాట మిగిలింది. అవును, దీపం ఊదింది నేనే. ఈ నోటితోనే. గద్దె నాకూ కావాలనిపించింది. చాలా కావాలనిపించింది. కాదని ఎవరి కాళ్ళూ పట్టుకోను. కానీ రాజు పడవ ఏ రాత్రి వస్తుందో నాకెవరు చెప్పారు? అన్నం తింటూ, ఒక్క రాత్రి ఆ దీపం వెలక్కపోతే అని అన్నదెవరు? అని, నా ముఖంలోకి చూసి, మళ్ళీ ఏమీ అననట్టు కంచంలోకి చూసిందెవరు?"

"కంచంలోకి చూశాడంట!" అంది కూరగాయలామె పైకే. "మా ఇంట్లోనూ అంతే! అనాల్సింది అనేసి కంచంలోకి చూస్తాడు!"

"ష్!" అన్నాడు డ్రైవరు.

తెర మధ్యలోంచి ప్రొప్రయిటరుగారి తల బయటికి వచ్చింది, ముఖాన రక్తం రంగుతో సహా. "అయిపోయిందండీ, నాటకం అయిపోయింది, అందరూ..."

"చచ్చినవాడివి పడుకోవయ్యా!" అని ఎవరో అరిచారు. హాలు ఘొల్లుమంది. ఆ నవ్వుకు పైకప్పు రేకు ఒకటి లేచి మళ్ళీ సరిగ్గా తన చోటే కూర్చుంది. తల లోపలికి పోయింది. ఆయనేం చేస్తాడు పాపం? బయటికొస్తే బతికినట్టు, బతికితే ఏడిచినవాళ్ళు ఊరుకోరు.

అక్క నవ్వు ఆగేదాకా ఆగింది. తర్వాత మూడో వరస చివరికి చూసి చెప్పింది, ఇంకెవరూ లేనట్టు.

"ఆ రాత్రి ఒడ్డున ఇద్దరం నిలబడ్డాం. రాళ్ళెక్కడున్నాయో ఆయనకి తెలుసు. పడవ వస్తుంటే ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. ఊదిన నోరు పాపిష్టిదైతే, మూసుకున్న నోరు ఏమవుతుంది? నా మీద జాలిపడొద్దు. నన్ను ఎవరూ బలి చెయ్యలేదు, నేనే నడిచి వెళ్ళాను. తిట్టండి. నా సగం నేను మోస్తాను. ఆయన సగం కూడా నా నెత్తిన పెట్టి, ఆయన మీద పూలు చల్లకండి."

అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు కూడా. కూరగాయలామె తువ్వాలు మడత పెట్టింది, తడవకుండానే. ఒక ముసలాయన లేచి, "అయినా ఊదడం తప్పే కదమ్మా," అన్నాడు. "తప్పేనండీ," అంది అక్క. వెంటనే ఆయన భార్య, "కేక వెయ్యకపోవడమో?" అని అందుకుంది. అంతే, హాలంతా రెండు ముక్కలై వాదనలో పడింది. ఒకరి గొంతు ఒకరికి వినబడక, పక్కవాడి నోటి కదలిక చూసి జవాబు చెప్పుకున్నారు.

మా పిల్ల ఆ గోలలోంచి ముందుకు నడిచి స్టేజీ కిందికి వచ్చి నిలబడింది.

"అమ్మా, దిగు."

"వెనక నుంచి వస్తానే. ముసుగు తెచ్చుకోనీ."

"ముసుగెందుకు? ఇటు దిగు," అని చెయ్యి అందించింది. "ఇంతుందని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"రోజూ చెప్పానే. నువ్వు మిషను తొక్కేదానివి."

పిల్ల కిందికి చూసింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని నడి దారిలోంచి, జనం మధ్యలోంచి, ముందు గుమ్మంలోంచి తీసుకెళ్ళింది. దారిచ్చినవాళ్ళు ఇచ్చారు, మొహం తిప్పుకున్నవాళ్ళు తిప్పుకున్నారు. కొట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు. దానికోసమా ఇన్నేళ్ళు ఆ డ్రమ్ముల మధ్యలోంచి!

గుమ్మంలో ప్రొప్రయిటరుగారు దండ కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు. "రేపటి నుంచి కంపెనీలో అడుగు పెట్టొద్దు, నువ్వూ నీ తమ్ముడూ," అన్నారు పళ్ళ మధ్య నుంచి.

"ఆ మాట కూడా కంచంలోకి చూస్తూ చెప్పండి," అంది అక్క.

ఆఖరి బస్సు ఎక్కాం. బయట చిమ్మచీకటి. వాదన హాల్లోంచి లేచి మాతోపాటే బస్సెక్కింది. ఆ రోజు ఆ బండి డీజిలు లేకుండా, ఉత్త మాటల వేడికే సగం దారి నడిచింది. కూరగాయలామె అక్క పక్కన సీటు చూసుకుని కూర్చుంది. "రేపు తొందరగా రా, గట్టి టమాటాలుంటాయి," అంది కిటికీ వైపు చూస్తూ.

మలుపు దగ్గర గతుకులో బండి ఎగిరింది. లోపలి లైటు టప్పున ఆరిపోయింది.

వెనక సీట్లోంచి ఎవడో అలవాటు మానలేనివాడు కిసుక్కున నవ్వి, "ఎవరమ్మా ఊదింది?" అన్నాడు.

ఆ చీకట్లో మా మేనకోడలి గొంతు వినబడింది, మిషను కింద సూదిలా తిన్నగా.

"ఊదమన్నదెవరో ముందు అడగండి."

డ్రైవరు హారను కొట్టాడు. ఇంటి దాకా కొడుతూనే ఉన్నాడు.